ఆకాశవాణికి చిరునామా కావాలి

మీడియం వేవ్‌లో ఆకాశవాణి విజయవాడ 837, హైదరాబాద్ 738, విశాఖ 927, కడప 900 కిలోహెర్ట్జ్. పాత శ్రోతలకు ఇది నోటికి వచ్చిన లెక్క. ఆ అంకె దగ్గర ముల్లు నిలిపినా ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల వినిపించేది భక్తిరంజని కాదు, గరగర. తప్పు రేడియోది కాదు. ఎల్‌ఈడీ బల్బులు, మొబైల్ చార్జర్లు, ఇన్వర్టర్లలో సెకనుకు వేలసార్లు కరెంటును ఆపుతూ వదులుతూ ఉండే సర్క్యూట్ల రొద వచ్చి ఈ మీడియం వేవ్ మీదే పడుతుంది. మిగిలిన కాస్త సిగ్నల్‌ను కాంక్రీటు గోడల్లోని ఇనుము మింగేస్తుంది. అదే కార్యక్రమం ఇంటర్నెట్‌లో శుభ్రంగా వస్తోంది. కానీ వినేది అరచేతిలోని ఫోను స్పీకర్లో. హాల్లో దుమ్ము పట్టిన స్టీరియో సెట్టు మాత్రం ఊరికే కూర్చుంది.

ఈ రెండింటినీ కలపడానికి కొత్త యంత్రం కొనక్కర్లేదు. ఆకాశవాణి నుంచి కావలసింది ఇంటర్నెట్ ప్రసారానికి చెదరని చిరునామా. దాని సంగతి చివర్లో, ముందు తీగల పని. ఒక కొసన 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ పిన్ను, మరో కొసన ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న కేబుల్ ఒకటి, మీటరున్నర పొడవున్నది చాలు. పిన్ను మీద నల్ల గీతలు రెండే ఉండాలి. మూడు గీతలతో, పసుపు పిన్ను కూడా ఉన్న వీడియో కెమెరా కేబుల్ ఇంట్లో పడి ఉంటే దాన్ని వాడబోతారు. అందులో తీగల వరుస వేరు. ఒక స్పీకరు మూగబోతుంది, లేదా రెండూ నీరసంగా మోగుతాయి.

ఆంప్లిఫయర్ వెనక ఆక్స్, సీడీ, ట్యూనర్ అని ఉన్న జతల్లో దేనికి తగిలించినా ఫరవాలేదు. టేప్ జతలైతే 'ప్లే' అన్నదానికే పెట్టాలి. 'రికార్డ్' అన్నది బయటికి పంపే దారి, అక్కడ పెడితే చప్పుడే రాదు. ఫోనో అని రాసిన చోట మాత్రం వద్దు. పేరు చూసి అది ఫోనుకే అనుకునేవారు తక్కువేం కాదు. అది గ్రామఫోను రికార్డుల ప్లేయరు కోసం. ముల్లు నుంచి వచ్చే కొద్ది మిల్లీవోల్టులను వంద రెట్లు పెంచి, బాస్‌ను ఇంకా ఎత్తుతుంది. ఫోను పంపే బలమైన సిగ్నల్ అందులో పడితే వచ్చేది పాట కాదు, బొంగురు అరుపు.

ఇయర్‌ఫోన్ రంధ్రం లేని ఫోన్లకు టైప్-సి కన్వర్టర్ కావాలి. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి ఉత్త తీగ, కొన్ని ఫోన్లలోనే పనిచేస్తుంది. రెండోదాని లోపల డిజిటల్ సిగ్నల్‌ను ధ్వనిగా మార్చే డ్యాక్ చిప్ ఉంటుంది. అడిగి రెండోదే తీసుకోవాలి. ఫోను వాల్యూమ్‌ను ఎనభై, తొంభై శాతం దగ్గర ఉంచేసి, ఆంప్లిఫయర్ నాబ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచాలి. ఫోనును తగ్గించి ఆంప్లిఫయర్‌ను పెంచితే సెట్టులోని బుసబుస కూడా దాంతోపాటే పెరుగుతుంది.

వాయిద్యాలు వినిపిస్తూ గొంతు మాయమైతే పాటను అనుమానించకండి. పిన్ను పూర్తిగా దిగలేదు, లేదా కేబుల్‌లో గ్రౌండ్ తీగ తెగింది. అప్పుడు కుడి, ఎడమల మధ్య ఉన్న తేడా మాత్రమే స్పీకర్లకు చేరుతుంది. రెండువైపులా సమానంగా ఉండే గాయకుడి గొంతు రద్దయిపోతుంది. మోనోలో వచ్చే కార్యక్రమమైతే దాదాపు ఏమీ వినిపించదు. వార్తలు చదివే గొంతు రెండు స్పీకర్లలోనూ ఒకేలా వస్తే అది లోపం కాదు. మోనో అంటే అదే.

ఇక అందరినీ విసిగించేది గుంయ్‌మనే హమ్. ముందు ఫోను చార్జర్ పీకి చూడాలి. ఆగిపోతే దోషం కేబుల్‌ది కాదు, కరెంటు దారిది. మూడు పిన్నుల చార్జరున్న ల్యాప్‌టాప్, ఆంప్లిఫయర్, దానికి తగిలించిన డీటీహెచ్ బాక్సు ఒక్కొక్కటి ఒక్కో దారిన ఎర్త్‌ను చేరితే వాటి మధ్య తిరిగే చిన్న కరెంటే 50 హెర్ట్జ్ హమ్‌గా వినిపిస్తుంది. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టడం మొదటి మందు. తగ్గకపోతే కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బీ పెట్టాలి. ఎర్త్ పిన్ను విరిచేస్తే హమ్ పోతుందని సలహా ఇచ్చేవారుంటారు. హమ్ పోవచ్చు, ఆ తర్వాత సెట్టును ముట్టుకున్నవాడికి షాకు తగలవచ్చు.

బ్లూటూత్ రిసీవర్‌తోనూ పని జరుగుతుంది. అయితే ఎవరైనా ఫోను చేస్తే రింగుటోను హాలంతా మోగవచ్చు. చేతిలోని ఫోనుతో గది దాటి వెళ్తే పాట తెగుతుంది. మూలన పడేసిన పాత ఫోనును రేడియోకే కేటాయించడం మేలు. దాని సెట్టింగ్స్‌లో రేడియో వినే యాప్‌కు బ్యాటరీ పొదుపు నిబంధన తీసేయాలి. లేకపోతే స్క్రీన్ ఆరిన కాసేపటికి పాట కూడా ఆగుతుంది. రాత్రింబవళ్లు చార్జింగులో ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది కాబట్టి ఎనభై శాతం దగ్గర ఆగే సదుపాయం ఉంటే వాడుకోవాలి. డేటాకు భయపడనక్కర్లేదు. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారానికి గంటకు సుమారు 29 ఎంబీ, 128కి 58 ఎంబీ. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలంతా 128లో విన్నా సుమారు 14 జీబీయే.

కొద్దిగా చేతిపని వచ్చినవారికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, యూఎస్‌బీ డ్యాక్ మంచి జత. కరెంటు పోయి వచ్చే మన ఊళ్లలో దాని మెమరీ కార్డు పాడవుతుంది. కార్డు మీద రాతలు పడకుండా ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేయాలి. రౌటర్‌కు 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి.

గడియారం సరిచేసుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు. ఇంటర్నెట్ ప్రసారం ముక్కలుగా పోగై వస్తుంది కాబట్టి అర నిమిషం వెనకబడటం మామూలే.

ఇంత అమర్చుకున్నాక కూడా శ్రోత చేతిలో లేనిది ఒకటుంది. ఇంటర్నెట్ రేడియో సెట్టుకైనా బోర్డుకైనా కేంద్రం పేరు తెలియదు, ఇంటర్నెట్‌లో ప్రసారం దొరికే చిరునామా (యూఆర్‌ఎల్) కావాలి. అది మారిపోతే ఎంత ఖరీదైన పెట్టెయినా మూగదే. 2015లో బీబీసీ ప్రసార పద్ధతి మార్చినప్పుడు ఇళ్లలోని ఎన్నో ఇంటర్నెట్ రేడియోలు రాత్రికి రాత్రి గొంతు కోల్పోయాయి. స్టేషన్ల పట్టికను అందించే రెసీవా 2021లో మూతపడితే, దాన్ని నమ్ముకున్న సెట్లకు స్టేషన్లు దొరకలేదు. లాజిటెక్ కంపెనీ స్క్వీజ్‌బాక్స్ అనే తన ఇంటర్నెట్ సంగీత పెట్టెల ఆన్‌లైన్ సేవను 2024లో ఆపేసింది. అయినా అవి ఇవాళ్టికీ మోగుతున్నాయంటే కారణం, ఇంట్లోని కంప్యూటరు మీదే నడిచే సర్వర్ ప్రోగ్రామ్‌ను వాడుకరులే నిలబెట్టుకోవడం.

ఆకాశవాణి ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ. యాప్ ఉండటం మంచిదే, కానీ యాప్ ఫోనుకు మాత్రమే తలుపు. విజయవాడలో ఉదయం ఆరింటికి వచ్చేది వేసవిలో అమెరికాలోని డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నరకు వినపడుతుంది. భోజనాల వేళ సుప్రభాతం! అక్కడి తెలుగువారూ దాన్ని హాల్లోని స్పీకర్లలోనే వినాలనుకుంటారు.

అందుకే ఆకాశవాణిని నడిపే ప్రసార భారతిని మేం అడుగుతున్నది చిన్న విషయం. ప్రతి కేంద్రం తన పేజీలో ప్రసార చిరునామాను అక్షరాలా ప్రకటించాలి. పాత పెట్టెలు కూడా అందుకోగల ఎంపీ3 ప్రసారాన్ని 64 కిలోబిట్లలో ఒకటి, 128లో ఒకటి ఉంచాలి. మార్చక తప్పకపోతే ఆరు నెలల ముందు రేడియోలోనే చెప్పాలి, ఆ ఆరు నెలలూ పాతదీ కొత్తదీ కలిపి నడపాలి. ఇంటర్నెట్ ఉంది కదా అని మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లకు సెలవిచ్చే ఆలోచన మాత్రం వద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి.