చూజ్ అంటే చూసుడే

మా హన్మకొండలో ఇంగ్లిష్ రానివాళ్లు లేరు. నయీంనగర్ రోడ్డు మీద బోర్డులు చదువుకుంటూ నడిస్తే సగం గ్రామర్ దానంతటదే వచ్చేస్తుంది. అయినా ఒక్క క్రియ మాత్రం మాకు కొరుకుడు పడలేదు. అదే చూజ్.

బడిలో మాకిది పరీక్ష పేపర్ మీద పరిచయమైంది: 'చూజ్ ద కరెక్ట్ ఆన్సర్'. అంటే సరైన జవాబు ఒక్కటే, దాన్ని ఎవరో ముందే నిర్ణయించి పెట్టారు, మన పని కనిపెట్టడమో, పక్కోడి పేపర్ చూడటమో. ఎంచుకోవడం గురించి ఇంత నిజాయితీగల పాఠం ఆ తర్వాత నాకెవరూ చెప్పలేదు.

రూపాలు మూడు: చూజ్, చోజ్, చోజెన్. 'చూజ్డ్' అన్నవాడికి మా సార్ గోడకుర్చీ వేయించేవారు. స్పెల్లింగ్ సంగతి సరేసరి. ఓడిపోతే వాడే 'లూజ్' దీనితో ప్రాస కలుస్తుంది కానీ ఒక్క ఓ అక్షరంతోనే సరిపెట్టుకుంటుంది. ప్యాంటు వదులైతే వాడే 'లూస్'కి రెండు ఓలున్నా చివర సకారమే పలకాలి. ఇది ఎవరి చాయిసో ఇంగ్లిషోళ్లనే అడగాలి.

చాలాకాలం పరిశోధించి నేను తేల్చింది ఏమిటంటే, చూజ్ అంటే మన చూసుడే. పిల్లకు సంబంధం చూశాం. ముహూర్తం చూశాం. పిల్లగాడికి కాలేజీ చూశాం. కళ్లతో చూసింది ఎంతో గానీ, ఎంచుకున్నది మాత్రం పక్కా. సంబంధం చూసింది పెద్దనాన్న, ముహూర్తం చూసింది అయ్యగారు. పెళ్లి మాత్రం పిల్లకు.

నవ్వకండి, నిఘంటువులు కూడా దగ్గరదగ్గరగా నా దారిలోనే ఉన్నాయి. చూజ్ మూలధాతువుకు అసలు అర్థం రుచి చూడటమట. లాటిన్‌లో రుచిని చెప్పే 'గుస్టుస్', సంస్కృతంలో ఇష్టపడటాన్ని చెప్పే 'జుష్' ఈ ఇంటి పిల్లలే. భగవద్గీతలో 'అనార్యజుష్టం' అన్న మాటలో ఉన్నదీ ఆ జుషే. మనం రుచిని కూడా 'చూస్తాం' కదా! మామిడిపండ్ల బండి దగ్గర ముక్క కోసిచ్చి 'తిని సూడుండ్రి' అంటారు. ఇంజినీరింగ్ సీటుకు ఆ సౌకర్యం లేదు.

ఎనుమాముల మార్కెట్‌కి పోతే ఈ వ్యాకరణం ఇంకా బాగా అర్థమవుతుంది. రైతు మిర్చి బస్తా మూతి విప్పుతాడు. వ్యాపారి చెయ్యి పెట్టి రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, ధర చెప్తాడు. చూజ్ చేసింది వ్యాపారి, చోజెన్ అయింది మిర్చి. ఏడాదంతా దాన్ని పండించినవాడు ఆ వాక్యంలో కర్తా కాడు, కర్మా కాడు. బస్తా పక్కన నిలబడి ఉంటాడు, అంతే.

అన్నట్టు, మనం 'డిసైడ్ అయ్యాను' అంటాం, గమనించారా? 'చేశాను' అని ఉన్నా, నోటికి వచ్చేది 'అయ్యాను'. జ్వరం వచ్చినట్టు, వాన పడ్డట్టు, నిర్ణయం కూడా మన మీద వచ్చి పడేదే. రేపు బెడిసికొడితే అనుకోకుండా జరిగిందని చెప్పుకోవచ్చు.

మొన్న మా బిడ్డ ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లకు నెట్ సెంటర్‌కి పోయాం. కుర్చీ ఒకటి, మనుషులం అయిదుగురం. కుర్చీలో బిడ్డ. వెనకాల నేను, మా ఆవిడ, బామ్మర్ది, ఎవరూ పిలవని పక్కింటాయన. బిడ్డకు సివిల్ ఇష్టం. బామ్మర్ది 'ముందు కంప్యూటర్ సైన్స్ పెట్టు, దాని కింద ఇంకో కాలేజీలో కంప్యూటర్ సైన్స్ పెట్టు' అంటూ కాలేజీ కోడ్‌లు చదువుతున్నాడు. మా ఆవిడ 'జర మంచిగ సూసి కొట్టు బిడ్డా' అంటోంది, స్క్రీన్ వైపు కాదు, తమ్ముడి వైపు చూస్తూ. నలభై ఆప్షన్లు అయ్యాయి. సివిల్ ముప్పై ఎనిమిదో నంబర్ దగ్గర కనిపించింది, పెళ్లి పందిట్లో దూరపు చుట్టంలా.

"బాపూ, ఫ్రీజ్ కొట్టాల్నా?" అంది.

"నీ ఇష్టం బిడ్డా, నువ్వే చూజ్ చెయ్యి" అన్నాను, సెంటర్‌లో అందరికీ వినపడేలా.

"చూజ్ కాదు బాపూ, చోజెన్" అని సరిదిద్ది, మౌస్‌ని వాళ్ల మామ వైపు జరిపింది.