అరవై మూడు మార్కుల టాపర్

మార్కుల సంగతి నెల్లూరు వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంటర్‌లో వెయ్యికి 985 వచ్చిన పిల్ల ఇంటికి పోయి, "ఆ 15 యాడ పోయినయ్యమ్మా?" అని ఓదార్చి వచ్చే ఊరు మనది. ఇలాంటి ఊళ్లో కూర్చుని ఈ ప్రోగ్రెస్ రిపోర్టు గురించి రాయడం కాస్త నామోషీగానే ఉంది. కానీ విద్యార్థులు బాగా పెద్దింటి బిడ్డలు. రాయక తప్పదు.

విద్యార్థులంటే ప్రపంచంలోని 65 పెద్ద బట్టల, చెప్పుల కంపెనీలు. పరీక్ష పెట్టింది 'నో ద చెయిన్' అనే సంస్థ. సబ్జెక్టు ఒక్కటే: మీ సరుకు తయారయ్యే చోట వెట్టిచాకిరీ లేకుండా మీరు ఏం చేస్తున్నారు? 2023 ఫలితాల్లో క్లాసు సగటు వందకు 21. ఫస్టొచ్చిన కెనడా బట్టల కంపెనీ లులులెమన్‌కు 63. మన ఇంటర్ బోర్డులో పాస్ మార్కు 35 అని ఈ సందర్భంగా గుర్తు చేయడం నా ఉద్దేశం కాదు.

పేపరు మరీ కష్టంగా ఇచ్చారేమోనని కంపెనీల తరఫున నేనే ఆరా తీశాను. అబ్బే, అలాంటిదేం లేదు. ఫ్లయింగ్ స్క్వాడ్ రాలేదు, ఎవరి ఫ్యాక్టరీ తలుపూ తట్టలేదు. కంపెనీలు తమ గురించి తాము బయటపెట్టుకున్న కాగితాలు చూసి మార్కులు వేశారు. అంటే పుస్తకం ముందు పెట్టుకుని రాసే పరీక్ష. ఆ పుస్తకం కూడా విద్యార్థి సొంతంగా రాసుకున్నదే. దానికి 21.

ఇంతకన్నా దయగల బోర్డు బ్రిటన్‌లో ఉంది. అక్కడ 2015లో ఒక చట్టం చేశారు. ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆపైన వ్యాపారం చేసే ప్రతి కంపెనీ, తన సరఫరాదారుల దగ్గర బానిసత్వం లేకుండా ఏమేం చర్యలు తీసుకుందో ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. ఏ చర్యా తీసుకోకపోతే? 'మేం ఏ చర్యా తీసుకోలేదు' అని ప్రకటన ఇవ్వాలి. అదీ చెల్లుతుంది. నేను అల్లిన జోకు కాదు, సెక్షన్ 54లో ఉన్న మాటే. హాల్‌టికెట్ నంబరు వేసి, కింద 'నేను చదవలేదు' అని నిజాయితీగా రాసి వస్తే చాలన్నమాట. ఈ పేరా దయచేసి పిల్లల ముందు గట్టిగా చదవకండి.

సిలబస్ చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) వాళ్లు వెట్టిని గుర్తుపట్టడానికి పదకొండు ఆనవాళ్లు చెప్పారు. అప్పుతో కట్టిపడేయడం, జీతం బిగబట్టడం, గుర్తింపు కాగితాలు లాక్కోవడం, గేటు దాటనివ్వకపోవడం, ఒళ్లు హూనమయ్యేదాకా ఓవర్‌టైమ్, ఇలా. 2021 నాటికి అన్ని రంగాల్లో కలిపి 2 కోట్ల 76 లక్షల మంది వెట్టిలో ఉన్నారని కూడా వాళ్లే లెక్క తేల్చారు. ఈ సిలబస్ కంపెనీలకు ఎందుకు ఎక్కడం లేదో నాకు అర్థం కాదు. మన జిల్లాలో ఇటుక బట్టీ దగ్గర పనిచేసిన ఏ యానాది ముసలాయన్ని అడిగినా పుస్తకం లేకుండా చెప్పేస్తాడు. పండక్కి తీసుకున్న అడ్వాన్సు, బిడ్డకు జ్వరమొస్తే తీసుకున్న అడ్వాన్సు, ఆ రెండూ తీరేలోపు తీసుకున్న మూడోది. ఇలాంటి వెట్టి అప్పులన్నీ రద్దంటూ 1976లో చట్టమొచ్చింది, అయినా ఆ తర్వాత కూడా ఆర్డీఓలు వెట్టి విడుదల పత్రాలు రాసిస్తూనే ఉన్నారు. పాస్‌పోర్టు అధ్యాయమా? కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చిన మన అక్కల్ని అడగండి, పేజీ నంబరుతో సహా చెబుతారు.

బట్టల ఫ్యాక్టరీల్లోనూ అదే పాఠం, ఊర్ల పేర్లు మాత్రం వేరు. బంగ్లాదేశ్ నుంచో నేపాల్ నుంచో వియత్నాం నుంచో బయల్దేరిన కుర్రాడు ఏజెంటుకు అప్పు చేసి ఫీజు కట్టి మలేసియా, జోర్డాన్, మారిషస్, తైవాన్ చేరతాడు. మొదటి కొన్ని నెలల కుట్టుపని ఆ ఫీజుకే పోతుంది. చొక్కాకు ఎన్ని బొత్తాలు పట్టాయో కంపెనీ కంప్యూటర్ చెప్పగలదు. ఆ బొత్తం కుట్టినవాడు ఎంత అప్పులో ఉన్నాడో మాత్రం 'సమాచారం సేకరిస్తున్నాం'.

పక్క రాష్ట్రం తమిళనాడు నూలు మిల్లుల్లో 'సుమంగళి' అని ఒక పథకం నడిచింది. పేరు వింటేనే పసుపు కుంకుమ గుర్తొస్తాయి. పద్నాలుగు పదిహేనేళ్ల నుంచి ఆడపిల్లల్ని చేర్చుకుని, మూడేళ్లు హాస్టల్లో ఉంచి పని చేయించుకుని, చివర్లో పెళ్లి ఖర్చులకని ఒకేసారి కొంత సొమ్ము ఇస్తామన్నారు. మధ్యలో జబ్బు చేసో, తట్టుకోలేకో వెళ్లిపోతే ఆ సొమ్ము చాలామందికి దక్కేది కాదు. గేటు దాటాలంటే పర్మిషన్, ఫోన్ మాట్లాడాలంటే వార్డెన్. ఇందులో వింతేముంది, మన హాస్టళ్లూ ఇంతే కదా అంటారేమో. తేడా ఉంది. మన దగ్గర పిల్లల్ని గేటు లోపల పెట్టడానికి మనమే లక్షల్లో ఫీజు కడతాం.

ఇక అసలు కథ ధర. మొన్న ట్రంకురోడ్డు పక్క సందులో ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్ కొట్టుకు వెళ్లాను. చొక్కా బాగుంది. మెడ దగ్గర బ్రాండు లేబుల్‌ను అడ్డంగా కత్తిరించారు, పేరులో రెండక్షరాలు మిగిలాయి. పక్క కుట్టు లోపల మరో లేబుల్ చెక్కుచెదరకుండా ఉంది. ఎంత వేడి నీళ్లలో ఉతకాలి, బ్లీచింగ్ వేయొచ్చా, ఇస్త్రీ పెట్టె ఎంత వేడిలో ఉండాలి, అన్నీ బొమ్మలతో. ఆ గుడ్డకు ఇన్ని హక్కులున్నందుకు నిజంగా సంతోషం వేసింది. కుట్టినవాళ్ల కోసం ఇంకో లేబుల్ ఉందేమోనని చొక్కా లోపలికి తిప్పి వెతుకుతుంటే కొట్టాయన విసుక్కున్నాడు. "ఏందన్నా, చొక్కా కొనేదానికొచ్చినావా, జనాభా లెక్కలకొచ్చినావా?" 450 చెప్పాడు. 300కి ఇచ్చాడు.

నా బేరం 150తో ఆగింది. కంపెనీ బేరం అక్కడ ఆగదు. ఢాకాలోనో తిరుప్పూరులోనో ఉన్న ఫ్యాక్టరీని పిలిచి, ముక్కకు ఇంకో పది సెంట్లు తగ్గించమంటుంది. గడువు రెండు వారాలు ముందుకు జరుపుతుంది. కాలర్ డిజైన్ ఆఖరి వారంలో మారుస్తుంది. డబ్బు మూడు నెలలకు ఇస్తానంటుంది. ఇవన్నీ అయ్యాక ఒక ఆడిటర్ను పంపి, 'మీ దగ్గర ఇంత ఓవర్‌టైమ్ ఎందుకు జరుగుతోంది?' అని నిలదీస్తుంది. 2020లో కరోనా రాగానే ఆర్డర్లు ఆపేశారు, రద్దు చేశారు. ఒక్క బంగ్లాదేశ్ ఎగుమతిదారులే 300 కోట్ల డాలర్లకు పైగా పోయిందని మొత్తుకున్నారు. కుట్టేసిన సరుకు కూడా అందులో ఉంది. ఆ ఏడాది మానవ హక్కుల నివేదికలు మాత్రం ఆర్ట్ పేపర్ మీద అందంగానే వచ్చాయి.

ఆడిటర్లను నేను ఒక్క మాట కూడా అనను. 2012 ఆగస్టులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీకి, పనివాళ్లను బాగా చూసుకుంటున్నారని చెప్పే ఎస్‌ఏ 8000 అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది. సెప్టెంబరు 11న అది తగలబడింది. కిటికీలకు ఇనుప చువ్వలు, తెరుచుకోని తలుపులు. 250 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఢాకా పక్కన బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది పోయారు. గోడలకు బీటలు ముందురోజే కనిపించాయి. కింద అంతస్తులో బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. పైన కుట్టేవాళ్లకు మాత్రం, రాకపోతే జీతం రాదని చెప్పారు. ఈ సిలబస్‌లో ఇది ఎన్నో ఆనవాలో ఎవరైనా చెప్పండి.

ఇంతకీ మన సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా వెట్టేనని తేల్చేసింది. కొరడా అక్కర్లేదు, ఆకలి చాలు. ఆ క్వశ్చన్ పేపర్ ఇస్తే ఈ 21 కూడా నిలవదని కంపెనీలకు తెలుసు కాబట్టి ఎవరూ ఎత్తరు.

నా సూచన ఏమిటంటే, ఈ 65 కంపెనీల ఎండీలనూ నెల్లూరుకు పంపండి. మన హాస్టల్లో పది రోజులు చాలు. పొద్దున ఐదింటికి బెల్లు, రాత్రి పదకొండుకు లైట్లు. ఫోన్ ఆఫీసు రూములో, పాస్‌పోర్టు వార్డెన్ బీరువాలో. మధ్యలో వెళ్లిపోతే కట్టింది తిరిగి రాదు. పదకొండు ఆనవాళ్లలో కనీసం ఆరేడు చదవకుండానే వచ్చేస్తాయి. టైమూ ఉంది. వెట్టితో తయారైన సరుకు తమ మార్కెట్లోకి రాకూడదని యూరోపియన్ యూనియన్ చేసిన చట్టం 2027 డిసెంబరు 14 నుంచి కదా అమల్లోకి వచ్చేది. అప్పటిదాకా స్టడీ హాలిడేసే.

ఈలోపు టాపర్‌ను మన పద్ధతిలో గౌరవించడం ధర్మం కాబట్టి ఫ్లెక్సీల కుర్రాడి దగ్గరికి వెళ్లాను.

"పేరేందన్నా?"

"లులులెమన్."

"పొదలకూరు నిమ్మకాయలోళ్లా?"

కాదన్నాను. మార్కులడిగాడు. 63 అన్నాను. కీబోర్డు మీద చేతులు తీసేశాడు. "71 వచ్చిందని మావోడికి టీవీ కనెక్షన్ పీకించేశానన్నా నేను."

క్లాసు సగటు చెప్పాక కాస్త మెత్తబడ్డాడు. "సరే, ఫోటో ఇయ్యి."

కంపెనీకి ఫోటో ఉండదు, కుట్టిన అమ్మాయి ఫోటో వేద్దామంటే అది పాస్‌పోర్టులో ఉంది, పాస్‌పోర్టు ఓనర్ దగ్గరుంది అన్నాను.

"ఫోటో లేకుండా ఫ్లెక్సీ ఎట్టా అవుద్ది? పోనీ, చుట్టూ మన లీడర్ల ఫోటోలు ఏసి మధ్యలో ఖాళీ వదుల్తా. అడ్వాన్సు ఐదొందలు కట్టు."