తూకానికి అందని కణాలు

కేంద్రం 2020లో తెచ్చిన మత్స్య సంపద యోజనలో సముద్రపు నాచు సాగుకూ చోటుంది. సూర్యలంక నుంచి విశాఖ దాకా దాని గురించి ఎవరు మాట్లాడినా విత్తనం, తెప్ప, ధర దగ్గరే ఆగుతోంది. నాచు గాలిలోకి వదిలే అయోడిన్, దాని నుంచి పుట్టే సన్న కణాల ఊసు పెద్దగా వినబడదు.

ఐరోపా అట్లాంటిక్ తీరంలో రాళ్లను పట్టుకుని పెరిగే లామినేరియా అనే గోధుమ రంగు నాచు, సముద్రపు నీటిలో ఉన్నదానికి 30 వేల రెట్లకు పైగా అయోడిన్‌ను ఒంట్లో దాచుకుంటుంది. ఆటు వేళ నీరు తీసి గాలికి బయటపడగానే, ఓజోన్ తాకిడిని తట్టుకోవడానికి అయోడైడ్‌ను (అయోడిన్ లవణ రూపాన్ని) పైకి వదులుతుంది. అది ఓజోన్‌తో కలిస్తే అయోడిన్ వాయువు. పగటి వెలుగులో దాని ఆయుష్షు సెకన్లే. విడిపోయిన పరమాణువులు మళ్లీ ఓజోన్‌తో కలిసి ఆక్సైడ్లుగా, అయోడిక్ ఆమ్లంగా మారి, గుమిగూడి ఒకటి రెండు నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) కణాలవుతాయి. ఐర్లండ్‌లోని మేస్ హెడ్ తీరంలో పగటి ఆటు వేళ పుట్టే కణాలకు మూలం ఈ అయోడినేనని 2002లో ప్రకటించారు. అందులో అయోడిక్ ఆమ్లం పాత్ర 2016లో అక్కడే తేలింది. మబ్బు బిందువు కట్టడానికి పనికిరావాలంటే కణం 50 నానోమీటర్ల దాకా పెరగాలి. చాలావి ఆలోపే పెద్ద కణాలకు అతుక్కుపోతాయి.

ఈ లెక్కను తెచ్చి బాపట్ల తీరానికి అంటగట్టడం తప్పు. మన వెచ్చని నీటిలో లామినేరియా బతకదు. సాగుకు వాడే కప్పాఫైకస్, గ్రాసిలేరియా వంటి ఎర్ర నాచుల్లో అయోడిన్ చాలా తక్కువ. నీట మునిగిన తెప్పలతో పేచీ లేదు, కోసి ఒడ్డున ఆరబోసే చోటే చూడాలి. పైగా నాచు లేకున్నా, ఓజోన్ తగిలితే సముద్రపు నీటిలోని అయోడైడే అయోడిన్‌గా లేస్తుంది. నగరాల పొగ నుంచి ఎండలో ఓజోన్ పుడుతుంది. ఆ పొగలోనే ఉండే నైట్రోజన్ డయాక్సైడేమో అయోడిన్ ఆక్సైడ్‌ను పట్టేసి కణాలకు అడ్డుపడుతుంది. మన తీరంలో ఏది పైచేయో కొలిస్తేనే తెలుస్తుంది.

విజయవాడ, గుంటూరు గాలి లెక్కల్లో మనం చూసే పీఎం 2.5, పీఎం 10 అంటే గాలిలో 2.5, 10 మైక్రాన్ల లోపు కణాల బరువును చెప్పే అంకెలు. మైక్రానంటే వెయ్యి నానోమీటర్లు. సాంద్రత ఒకటే అనుకుంటే, 2.5 మైక్రాన్ల కణం ఒక్కదాని బరువుకు 3 నానోమీటర్ల కణాలు దాదాపు 58 కోట్లు కావాలి. తూకంలో ఇవి కనిపించవు. బ్యూటనాల్ ఆవిరితో కణాన్ని ఉబ్బించి లెక్కపెట్టే యంత్రం కావాలి. పక్కన ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్ల మీటర్లు, గాలి దిశ, ఆటుపోట్ల పట్టిక ఉండాలి. గాలి పీల్చే గొట్టం పొడవైతే సన్న కణాలు దాని గోడలకే అంటుకుంటాయి. తీరపు తేమ బ్యూటనాల్‌లో చేరి లెక్క చెడగొడుతుంది కాబట్టి లోపలికి వెళ్లే గాలిని ముందే ఆరబెట్టాలి. బోటు ఇంజిన్ పొగలోనూ, రొయ్యల చెరువు జనరేటర్ పొగలోనూ ఇంతే సన్న కణాలుంటాయి. అందుకే సముద్రం మీంచి గాలి వీచే గంటలనే లెక్కలోకి తీసుకుని, పగటి ఆటును రాత్రి ఆటుతో పోల్చాలి. ఎండ లేని రాత్రి కణాలు అంతగా పుట్టకూడదు.

ఆరబోతకు అనుమతించే స్థలాల్లో ఒక్కచోటైనా, సాగుకు ముందు ఏడాది, తర్వాత ఏడాది ఈ కొలతలు తీయించాలని మత్స్యశాఖను, కాలుష్య నియంత్రణ మండలిని కోరుతున్నాం. ముందటి అంకె లేకుండా తర్వాతి అంకెను చూపితే అది నాచు పనో, జనరేటర్ పనో ఎవరూ తేల్చలేరు.