దోమతెర పగలూ కట్టాలి

వీధిలో ఒకరికి డెంగీ అని తేలితే సాయంత్రానికి పొగ బండి వస్తుంది. విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ ఏటా వానాకాలం చూస్తున్నదే. పొగ వద్దని మేం అనడం లేదు. కానీ డెంగీ దోమ రోడ్డు మీద ఉండదు. మంచం కింద, దండెం మీది బట్టల చాటున, పెరటి గోలెం పక్కన నక్కి ఉంటుంది. పొగ అక్కడిదాకా చేరడం అరుదు.

ఒంటి మీద తెల్లచారలుండే ఈ ఏడిస్ దోమ పుట్టుకతోనే వైరస్ మోసుకురావడం చాలా తక్కువ. సాధారణంగా దానికి డెంగీ అంటించేది మనిషే. వైరస్ ఉన్నవారిని కుట్టిన ఆడదోమ పొట్టలోకి రక్తంతోపాటు వైరస్ వెళ్తుంది. అక్కడ పెరిగి, లాలాజల గ్రంథులకు చేరడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. ఆలోగా ఆ దోమ ఎవరిని కుట్టినా డెంగీ రాదు. ఆ గడువు దాటిందా, ఇక బతికున్నన్నాళ్లూ అంటిస్తూనే ఉంటుంది. కుడుతుండగా కదిలిస్తే లేచి పక్కవారి మీద వాలుతుంది. ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు వరసగా మంచాన పడటం ఇందుకే. కుట్టించుకున్నవారికి జ్వరం రావడానికి మరో 4 నుంచి 10 రోజులు. అంటే మొదటి జ్వరానికీ, దాన్నుంచి అంటిన రెండో జ్వరానికీ మధ్య రెండు మూడు వారాల వ్యవధి ఉంది. దాన్ని మనం చేజేతులా పోగొట్టుకుంటున్నాం.

జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి సుమారు వారం పాటు రోగి రక్తంలో వైరస్ ఉంటుంది. ఆ రోజుల్లో దోమ కుట్టకుండా కాపాడవలసింది ముందు రోగిని. మలేరియాతో పాతకాపులైన మన జిల్లాల్లో రాత్రి తెర కట్టి, తెల్లారగానే తీసేయడం అలవాటు. మలేరియా దోమకు అది సరే. ఏడిస్ కుట్టేది పగలు, ముఖ్యంగా పొద్దు పొడిచాక, మళ్లీ పొద్దు గుంకే ముందు.

అందుకే డెంగీని నిర్ధారించే ఎలీసా రక్తపరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా, జ్వరమని ఏఎన్‌ఎంకు తెలిసిన రోజే ఆ ఇంటికి తెర చేరాలి. ఆస్పత్రి వార్డుల్లో డెంగీ రోగుల మంచాలకు పగలూ తెరలుండాలి. దసరాకు, సిరిమానోత్సవానికి చెన్నై, హైదరాబాద్ నుంచి వలస కూలీలు ఊళ్లకు వస్తారు. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరు జ్వరంతో దిగారో ఆశా కార్యకర్తకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆమె చేతికి తెరలివ్వండి.

నీళ్లు నిల్వ చేస్తున్నారని ఇల్లాళ్లను తప్పుపట్టడం మాకు సమ్మతం కాదు. కుళాయి వేళకు వస్తే గోలేలు ఎవరు నింపుకుంటారు? సరఫరా మెరుగుపడేదాకా వాటికి మూతలు పెట్టి, వారానికోసారి గోడలు గట్టిగా తోమాలి. ఊరికే నీళ్లు పారబోస్తే చాలదు. అంచులకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు, నీరు తగలగానే పొదుగుతాయి.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జ్వరం, ఒళ్లునొప్పులు అనగానే నొప్పి బిళ్ల మింగడం, ఇంజెక్షన్ వేయించుకోవడం అక్కడ రెండింతల ముప్పు. డెంగీలో ఆ మందులు రక్తస్రావం పెంచుతాయి, ముందే కిడ్నీలు దెబ్బతిన్నవారికి మరింత చేటు. పారాసిటమాల్ తప్ప మరేదీ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వొద్దని మందుల షాపులకూ, ఆర్‌ఎంపీలకూ వైద్యశాఖ వానలు ముదరకముందే గట్టిగా చెప్పాలి.