తొలిరోజు సభలో కూర్చోవాలి

శివరాత్రికి అటూ ఇటూగా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడ్జెట్ సమావేశాలు మొదలవుతాయి. మొదటి రోజు ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. గవర్నర్ కాన్వాయ్ వస్తుంది. ముఖ్యమంత్రి, స్పీకర్, మండలి చైర్మన్ ఎదురెళ్లి స్వాగతం చెబుతారు. జాతీయ గీతం తర్వాత, ఉభయ సభల సభ్యులు ఒక్కచోట కూర్చుని ఉండగా గవర్నర్ ప్రసంగం చదువుతారు. సభ మర్నాటికి వాయిదా పడుతుంది. సభా కార్యక్రమాలను ఖరారు చేసే బీఏసీ (సభా వ్యవహారాల సలహా సంఘం) సమావేశమై సభ ఎన్ని రోజులు నడపాలో తేలుస్తుంది. సాయంత్రం టీవీ పెడితే మాత్రం ప్రసంగంలో ఏముందో వినపడదు. ఎవరు నినాదాలిచ్చారు, ఎవరు కాగితాలు చించారు, ఎన్ని నిమిషాలకు బయటికి నడిచారు, ఇదే వార్త. తెల్లారి పత్రికల్లో పెద్ద ఫొటో కూడా అదే. ఈ తప్పులో మాకూ వాటా ఉంది, ఒప్పుకుంటున్నాం.

ఏడాది మొత్తంలో ప్రభుత్వం తాను చేసిన పనినీ, చేయబోయే పనినీ ఒకేచోట రాసి, సభ సాక్షిగా ప్రజల ముందు పెట్టే రోజు ఇదొక్కటే. ఎన్నికల మేనిఫెస్టో పార్టీది. పత్రికా ప్రకటన ఏ శాఖదో. బడ్జెట్‌లో అంకెలుంటాయి గానీ సామాన్యుడు వాటిని చదివి అర్థం చేసుకోవడం కష్టం. గవర్నర్ ప్రసంగం అలాంటిది కాదు. రోడ్డు, నీరు, పింఛను, ఉద్యోగం అన్నీ మామూలు వాక్యాల్లో ఉంటాయి. ప్రభుత్వాన్ని పట్టుకుని నిలదీయడానికి అంతకంటే మంచి కాగితం ప్రతిపక్షానికి దొరకదు. దాన్ని ఏటా వినకుండానే వదిలేస్తున్నారు.

రాజ్యాంగం 176వ అధికరణ ఈ ప్రసంగాన్ని తప్పనిసరి చేసింది. సభను ఎందుకు పిలిచారో ఆ సభకే చెప్పాలన్నది దాని సారం. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ప్రతి సమావేశం మొదట్లోనూ గవర్నర్ ప్రసంగించాలని ఉండేది. 1951లో వచ్చిన మొదటి సవరణ దాన్ని ఎన్నికల తర్వాత తొలి సమావేశానికీ, ప్రతి ఏడాది తొలి సమావేశానికీ పరిమితం చేసింది. హైదరాబాద్ ఆడపడుచు పద్మజా నాయుడు పశ్చిమ బెంగాల్ గవర్నర్‌గా ఉన్న రోజుల్లో, 1965లో, సభలో గోల ఆగకపోవడంతో ప్రసంగం సాగలేదు. ప్రతిని సభ ముందుంచి ఆమె వెళ్లిపోయారు. వివాదం కలకత్తా హైకోర్టుకు వెళ్లింది. ప్రసంగం రాజ్యాంగం పెట్టిన బాధ్యత అనీ, దాన్ని ఎగ్గొట్టడం కుదరదనీ 1966లో ఆ కోర్టు చెప్పింది.

ఇంత బరువున్న రోజు మన దగ్గర ఎలా గడుస్తోందో చూడాలంటే 2022 మార్చి 7వ తేదీ ఒక్కటి గుర్తు చేసుకుంటే చాలు. ఆ రోజు రెండు తెలుగు శాసనసభలూ బడ్జెట్ సమావేశాలు మొదలుపెట్టాయి. హైదరాబాద్‌లో గవర్నర్ ప్రసంగమే లేదు. అంతకుముందు సమావేశాలు ప్రొరోగ్ కాలేదనీ, అంటే అధికారికంగా ముగియలేదనీ, ఇవి వాటికి కొనసాగింపేననీ చెప్పి, మొదటి రోజే ఆర్థిక మంత్రి హరీశ్‌రావు బడ్జెట్ చదివారు. సభలో నిరసన తెలిపిన ముగ్గురు బీజేపీ సభ్యులు ఆ సమావేశాలు ముగిసేదాకా సస్పెండ్ అయ్యారు. అదే రోజు వెలగపూడిలో గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ ప్రసంగించారు. ఆయన చదువుతుండగానే తెలుగుదేశం సభ్యులు గోబ్యాక్ అంటూ నినాదాలిచ్చారు, ప్రతులు చించారు, బయటికి వెళ్లిపోయారు. ఒకచోట ప్రభుత్వం ప్రసంగాన్ని తీసేసింది, ఇంకోచోట ప్రతిపక్షం దాన్ని విననివ్వలేదు. రెండు రాష్ట్రాల ప్రజలకూ ఆ రోజు అందాల్సిన లెక్క అందలేదు.

తెలంగాణలో మరుసటి ఏడాది ఇంకా విచిత్రం జరిగింది. బడ్జెట్‌కు గవర్నర్ తమిళిసై అనుమతి ఇవ్వడం లేదంటూ 2023 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వమే హైకోర్టు తలుపు తట్టింది. రెండు వైపుల న్యాయవాదులూ మాట్లాడుకుని రాజీకి వచ్చారు. ఫిబ్రవరి 3న ఆమె ప్రసంగించారు. సభ ఎలా మొదలవ్వాలన్న విషయం కోర్టు దాకా వెళ్లడం ఆ రెండు రాజ్యాంగ పదవులకూ గౌరవం తెచ్చేది కాదు.

మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు వద్దాం. 2025 ఫిబ్రవరి 24న గవర్నర్ అబ్దుల్ నజీర్ ప్రసంగం మొదలైన కొద్ది నిమిషాలకే వైఎస్సార్‌సీపీ సభ్యులు ప్రతిపక్ష హోదా ఇవ్వాలని నినాదాలిచ్చి వాకౌట్ చేశారు. 175 మంది సభలో ఆ పార్టీకి ఉన్నది 11 మంది. హోదాకు పదో వంతు సభ్యులుండాలన్న సంప్రదాయం ప్రకారం 18 మంది కావాలి. హోదా ఇవ్వాలా వద్దా అన్నది స్పీకర్, న్యాయస్థానం తేల్చాల్సిన విషయం. మేము అడిగేది వేరు. ప్రశ్న వేయడానికి హోదా కావాలా? గవర్నర్ ప్రసంగంపై సభ చర్చించి ఆమోదించే ధన్యవాద తీర్మానానికి సవరణ ఇవ్వడానికి కావాలా? 2014 లోక్‌సభలో 44 మంది ఉన్న కాంగ్రెస్‌కు హోదా దక్కలేదు. మల్లికార్జున ఖర్గే ఆ అయిదేళ్లూ ముందు వరుసలో కూర్చుని మాట్లాడుతూనే ఉన్నారు. మన ఉమ్మడి రాష్ట్రంలోనే 1994 ఎన్నికల్లో 294 స్థానాలకు కాంగ్రెస్ గెలిచింది 26. అవతల ఎన్టీఆర్ ప్రభంజనం. అయినా పి.జనార్దన్‌రెడ్డి నాయకత్వంలో ఆ కొద్దిమందీ సభను వదల్లేదు. అంతకు చాలా ముందు, సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య వెనుక పెద్ద పార్టీ లేదు. ఆయన లేచి నిలబడితే మంత్రులు జాగ్రత్తగా వినేవారని పాతతరం పాత్రికేయులు ఇప్పటికీ చెబుతారు.

ఈ అలవాటు ఒక్క పార్టీది కాదు. 23 మంది ఎమ్మెల్యేలను లాక్కున్నారన్న నిరసనతో 2017 చివర నుంచి వైఎస్సార్‌సీపీ సభకు రావడం మానేసింది. 2018 బడ్జెట్ సమావేశాల్లో ప్రధాన ప్రతిపక్షం బల్లలు ఖాళీగా ఉన్నాయి. తన కుటుంబాన్ని అవమానించారన్న బాధతో 2021 నవంబర్ 19న చంద్రబాబు సభ విడిచి, ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానన్నారు, అలాగే 2024 జూన్‌లో వచ్చారు. ఫిరాయింపుల మీద ఆ కోపం న్యాయమైనదే. ఇంటి ఆడవాళ్ల గురించి మాట్లాడితే కలిగే బాధను ఎవరూ తక్కువ చేయలేరు. కానీ రెండుసార్లూ నాయకుడు ఎన్నికల్లో గెలిచి తిరిగొచ్చాడు కాబట్టి, సభకు పోకపోయినా నష్టమేమీ లేదన్న పాఠం పార్టీలకు అబ్బింది. ఇది మాకు నిజంగా భయం కలిగిస్తోంది. నష్టం పార్టీలకు కాలేదు సరే, ఆ నియోజకవర్గాల ప్రజలకు అయింది. పులివెందుల ఓటరైనా, కుప్పం ఓటరైనా తమ మనిషిని పంపింది పాదయాత్రకో ప్రెస్ మీట్‌కో కాదు, సభకు.

తెలంగాణలో కేసీఆర్ విషయం చూడండి. 2025 మార్చి 12న గవర్నర్ జిష్ణుదేవ్ వర్మ ప్రసంగించిన రోజు ప్రతిపక్ష నేత సభకు రావడమే పెద్ద వార్తైంది. ప్రతిపక్ష నేత సభకు రావడం వార్త ఎందుకు కావాలి? మర్నాడు ధన్యవాద తీర్మానంపై చర్చలో జగదీశ్‌రెడ్డి మాటల మీద రగడ జరిగింది, సమావేశాలు ముగిసేదాకా ఆయన్ను సస్పెండ్ చేశారు. ఏడాది పాలన మీద జరగాల్సిన చర్చ స్పీకర్‌ను ఎలా సంబోధించారన్న దాని మీదికి మళ్లింది.

ప్రతిపక్షం ఎవరైనా మొదటి రోజు మీడియా పాయింట్‌లో చెప్పే మాట ఒక్కటే: గవర్నర్‌తో అబద్ధాలు చెప్పించారు. అబద్ధాలైతే ఏ పేరాలో, ఏ అంకెలో? అది చెప్పాలంటే ముందు కూర్చుని వినాలి. మంత్రివర్గం ఆమోదించిన ప్రసంగాన్ని గవర్నర్ చదువుతారు. ఆయన నోట వచ్చే ‘నా ప్రభుత్వం’ అన్న ప్రతి వాక్యానికీ బాధ్యత ముఖ్యమంత్రిది. కాబట్టి గవర్నర్ మీద అరిస్తే అసలు జవాబు చెప్పాల్సినవాళ్లు హాయిగా తప్పించుకుంటారు. ధన్యవాద తీర్మానానికి శాసనసభలో ఒక్క సవరణ నెగ్గినా అది ప్రభుత్వం మీద విశ్వాసం పోవడంగానే లెక్క. అంత పదునున్న తీర్మానం అది. మన దగ్గర అధికార సభ్యుల భజనకూ, ముఖ్యమంత్రి గంటల తరబడి చెప్పే సమాధానానికీ మాత్రమే పనికొస్తోంది.

ఇక అధికార పక్షం సంగతి. ప్రతిపక్షం లేచిపోవడానికి సగం కారణం వాళ్లే. మైక్ ఇవ్వరు, ఇచ్చినా రెండు నిమిషాలకు కట్ చేస్తారు, మాట్లాడుతుంటే నలుగురు మంత్రులు లేచి అడ్డం పడతారు. 11 మందే కదా అని వాళ్ల సమయాన్ని లెక్కగట్టి కోస్తే, ఆ 11 మందికి ఓటేసిన లక్షల మందిని కోసినట్టే. ప్రసంగం రాయడంలోనూ నిజాయితీ తక్కువ. శాఖలు పంపిన నోట్లన్నీ కలిపి, గత ప్రభుత్వం విధ్వంసం చేసిందని నాలుగు పేరాలు ముందు పెట్టి, 2047 దాకా కలలు చూపించి ముగిస్తారు. పోయినేడు ఇదే గవర్నర్ నోట చెప్పించిన మాటల్లో ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అన్నది కనపడదు. పోలవరం పేరు లేని ప్రసంగం మాకు గుర్తు లేదు. ప్రభుత్వాలు చెప్పిన గడువు మాత్రం 2018 నుంచి 2021కి, అక్కడి నుంచి 2027కి జరిగింది. ముంపు మండలాల నుంచి కదిలిన గిరిజన కుటుంబాలకు ఏ ఏడాది ప్రసంగాన్ని నమ్మాలో ఎవరు చెబుతారు? తెలంగాణలో మహిళలకు నెలకు రూ.2,500 అన్నది ఎన్నికల గ్యారంటీ. ఎప్పటి నుంచి ఇస్తారో ప్రసంగంలో తేదీ వేసి రాయమనండి. ఆంధ్రలో ఆడబిడ్డ నిధి రూ.1,500 సంగతి కూడా అంతే. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని, ఖజానా పరిస్థితి ఇదని సభలో చెప్పినా జనం అర్థం చేసుకుంటారు. ఆశపెట్టి ఊరుకోవడమే వాళ్లను కష్టపెడుతుంది.

గవర్నర్లకూ ఒక మాట చెప్పాలి. చెన్నైలో గవర్నర్ ఆర్.ఎన్.రవి 2023 జనవరి 9న ప్రభుత్వం ఇచ్చిన ప్రసంగంలో కొన్ని భాగాలు వదిలేసి చదివారు, ముఖ్యమంత్రి స్టాలిన్ తీర్మానం పెట్టగానే సభ నుంచి వెళ్లిపోయారు. 2024 ఫిబ్రవరిలో అసలు చదవనే లేదు. తిరువనంతపురంలో 2024 జనవరి 25న ఆరిఫ్ మహ్మద్ ఖాన్ చివరి పేరా చదివి రెండు నిమిషాలలోపే ముగించారు. ఎన్నికైన ప్రభుత్వం రాసిన మాట నచ్చకపోతే అభ్యంతరం ముందే లేఖలో తెలపవచ్చు. సభలో నిలబడి తనకు నచ్చిన వాక్యాలు ఏరుకునే అధికారం గవర్నర్‌కు లేదు. ఇదే ఆరిఫ్ మహ్మద్ ఖాన్ 2020లో పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకించే పేరాతో తాను ఏకీభవించనని చెబుతూనే చదివారు. పద్ధతి అది.

మేము కోరేవి పెద్ద సంస్కరణలు కావు. ప్రసంగం ప్రతితోపాటు, పోయినేటి ప్రసంగంలోని ప్రతి హామీ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే పట్టిక సభ్యులకు ఇవ్వాలి, అదే రోజు ప్రజలకూ అందుబాటులో పెట్టాలి. మంత్రులు సభలో ఇచ్చిన మాటలను వెంటాడటానికి హామీల కమిటీ ఉంది, గవర్నర్ ప్రసంగంలోని మాటలనూ దానికి అప్పగించాలి. ధన్యవాద తీర్మానంపై చర్చకు కనీసం మూడు రోజులివ్వాలి, మొదట మాట్లాడే అవకాశం ప్రతిపక్షానికి ఇవ్వాలి. రాజ్యాంగ సమీక్షకు జస్టిస్ వెంకటాచలయ్య నాయకత్వంలో ఏర్పడిన కమిషన్, 70 మంది, అంతకు మించి సభ్యులున్న శాసనసభలు ఏడాదికి 90 రోజులైనా కూర్చోవాలని 2002లోనే సిఫార్సు చేసింది. 175 మంది, 119 మంది సభ్యులున్న మన రెండు సభలూ ఇటీవల దాని దరిదాపులకు కూడా రావడం లేదు. సభ నడిచేదే నాలుగు రోజులైతే అందులో మూడు రోజుల చర్చ ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి ఈ లెక్క బీఏసీలోనే మొదలుకావాలి.

ఇంకొకటి. మన గవర్నర్లు ప్రసంగం ఇంగ్లీషులో చదువుతారు. వాళ్లు బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ పింఛను గురించి ఏం చెబుతారోనని టీవీ ముందు కూర్చున్న ఉద్దానం అవ్వకు గానీ, రుణమాఫీ మాట కోసం చెవి ఒగ్గిన పాలమూరు రైతుకు గానీ ఒక్క ముక్క అర్థం కాదు. తమిళనాడులో గవర్నర్ ఇంగ్లీషు ప్రసంగం అయ్యాక స్పీకర్ దాన్ని తమిళంలో చదవడం ఆనవాయితీ. మన దగ్గర తెలుగు ప్రతి సిద్ధంగానే ఉంటుంది, సభ్యుల బల్లల మీద పడి ఉంటుంది. దాన్ని స్పీకర్ చదివి వినిపించడానికి చట్ట సవరణ అక్కర్లేదు, గంట సమయం చాలు. వచ్చే బడ్జెట్ సమావేశాల తొలిరోజు నుంచే వెలగపూడిలోనూ హైదరాబాద్‌లోనూ ఈ పద్ధతి పెట్టాలని ఇద్దరు స్పీకర్లనూ కోరుతున్నాం. స్పీకర్ తెలుగులో చదువుతున్న ఆ గంటసేపూ అన్ని పార్టీల సభ్యులూ తమ తమ సీట్లలోనే ఉండాలి.