పలుచని గాలి, చిక్కని బిల్లు

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఆల్ప్స్ కొండల్లో వెల్‌నెస్ రిసార్టులకి వెళ్ళేవాళ్ళని ఎగతాళి చెయ్యడానికి ఇది రాయట్లేదు, ఎందుకంటే నేనూ వెళ్ళొచ్చినవాడినే, రెండు రాత్రులు, అదీ నా డబ్బుల్తో కాదు. మా బావమరిది జ్యూరిక్‌లో సాఫ్ట్‌వేర్. ఏదో ప్రాజెక్టు గట్టెక్కించాడని ఆఫీసువాళ్ళు వాడికి హోటల్ వోచర్ ఇచ్చారు, చూస్తే వాళ్ళావిడకి నెలలు నిండాయి, కదిలే పరిస్థితి లేదు, మేమేమో మా అత్తగారిని పురిటి సాయానికి దింపడానికి వెళ్ళి అక్కడే ఉన్నాం. "బావా, వోచర్ ఎక్స్‌పైర్ అయిపోతుంది, నువ్వూ అక్కా వెళ్ళిరండి" అన్నాడు. ఫ్రీగా వచ్చిన ప్రశాంతతని వద్దనే అలవాటు మా ఇంటావంటా లేదు.

హోటల్ పేరు చెప్పను. ఐగర్ కొండకి ఎదురుగా ఉంటుంది. 3,967 మీటర్ల కొండ, ఉత్తరం వైపు నిట్టనిలువు గోడలా ఉంటుందట. అట అని ఎందుకంటున్నానంటే మేం చూళ్ళేదు. మౌంటెన్ వ్యూ రూమ్ అని దానికి వేరే రేటు, కర్టెన్ లాగితే తెల్లటి పొగమంచు, ఏమో మనం సరిగ్గా లాగలేదేమోనని మూసి మళ్ళీ లాగినా పొగమంచే. రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా టీవీలో ఫలానా చానెల్ పెట్టుకోండి అంది. పెట్టాం. కొండల మీద బిగించిన కెమెరాలు మెల్లగా అటూ ఇటూ తిరుగుతున్నాయి, మూల ఎత్తూ టెంపరేచరూ వేస్తున్నాడు, వెనకాల నిద్రమత్తు మ్యూజిక్. మా ఆవిడ మంచం మీద బాసింపట్టు వేసుక్కూచుని పది నిమిషాలు శ్రద్ధగా చూసి, "ఇది తమ్ముడింట్లో కూడా వస్తుంది కదండీ" అంది. నేను ష్ అన్నాను. వెల్‌నెస్‌లో ఇలాంటి ప్రశ్నలు టాక్సిన్ల కిందకి వస్తాయి.

ఆ పొగమంచులో పని లేక కూర్చుని ఆలోచిస్తే నాకు అసలు సంగతి తట్టింది. మనకి స్విట్జర్లాండ్‌లోని దావోస్ అంటే జనవరి నెల పెట్టుబడుల సదస్సు, కోట్లు వేసుకుని మంచులో నడిచే నాయకులు, ఎంఓయూలనే ఒప్పందాలు. 2025 జనవరిలో అయితే మన ఇద్దరు ముఖ్యమంత్రులూ ఒకే వారంలో అక్కడే ఉన్నారు. కానీ ఆ ఊరికి మొదట పేరొచ్చింది పెట్టుబడులతో కాదు, క్షయతో. అలెగ్జాండర్ స్పెంగ్లర్ అని ఒక జర్మన్ ఆయన, సొంతగడ్డ మీద తిరుగుబాటులో తలదూర్చి స్విట్జర్లాండ్ పారిపోయొచ్చి, 1853లో దావోస్‌లో డాక్టరుగా చేరి, ఈ ఊరివాళ్ళకి టీబీ రావట్లేదేంటి అని కనిపెట్టాడు. 1865 చలికాలంలో మొదటి ఇద్దరు పేషెంట్లు దిగారు. తర్వాత ఎటు చూసినా శానటోరియంలే, అంటే టీబీవాళ్ళని ఉంచుకుని చూసే ఆసుపత్రులు. వైద్యం ఏంటయ్యా అంటే, బాల్కనీలో వాలుకుర్చీ వేసి, దుప్పట్లు చుట్టబెట్టి, గంటలకొద్దీ కదలకుండా మెదలకుండా చలిగాలికి పడుకోబెట్టడం, టైముకి తిండి పెట్టడం. ఉమ్మడానికి జేబులో మూత ఉన్న నీలం గాజు సీసా ఒకటి.

ఇప్పుడు ఏ లగ్జరీ రిసార్టు బ్రోషరైనా పక్కన పెట్టి చూడండి. బాల్కనీ ఉంది. వాలుకుర్చీ ఉంది. దుప్పటి ఉంది, దానికి ఆర్గానిక్ అని పేరు తగిలించారు. మాట్లాడకూడదన్న రూలూ ఉంది. తీసేసింది నీలం సీసా ఒక్కటే, ఆ ప్లేసులో నిమ్మచెక్కలు వేసిన నీళ్ళ సీసా పెట్టారు. దావోస్ పైన షాట్‌సాల్ప్ అని 1900లో తెరిచిన పెద్ద శానటోరియం ఉంది, ఇప్పుడది హోటల్, బాల్కనీలు అవే.

మరి పేషెంట్లేమయ్యారంటే, 1943లో స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు కనిపెట్టారు, వెనకాలే ఇంకొన్ని మందులొచ్చాయి, ఇక కొండగాలికి గట్టి దెబ్బ తగిలింది మాత్రం మన పక్కనే, మద్రాసులో. అక్కడి టీబీ సెంటర్ వాళ్ళు కొంతమందిని శానటోరియంలో పెట్టి, కొంతమందిని వాళ్ళ ఇరుకు ఇళ్ళల్లోనే ఉంచి, ఇద్దరికీ అవే మందులిచ్చి ఏడాది చూశారు. శానటోరియం వాళ్ళకి మంచి తిండి, గాలి, రెస్టు. ఇంట్లోవాళ్ళకి అరాకొరా తిండి, చుట్టూ జనం. 1959లో రిజల్ట్ బయటపెట్టారు, ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా నయమైంది. పనిచేసింది మాత్ర, బాల్కనీ కాదు.

ఒక్క స్టడీతో వందేళ్ళ బాల్కనీ పరువు తీసినందుకు ఆ మద్రాసువాళ్ళ మీద నాకు చాలా కోపంగా ఉంది. అయితే హోటళ్ళు తెలివైనవి, రోగులకి పనిచెయ్యకపోతే ఏం పోయింది, రోగం లేనివాళ్ళకి అమ్ముకుందాం అనుకున్నాయి. దీంట్లో ఉన్న గొప్పతనం మీరు గమనించాలి, రోగం లేనివాడు నాకు నయం కాలేదని కంప్లైంట్ ఇవ్వలేడు.

పైగా సరుకు చూడండి. దావోస్ 1,560 మీటర్ల ఎత్తులో ఉంది, అంత ఎత్తులో గాలి సముద్రమట్టం కంటే సుమారు 14 శాతం పలుచన. మన పాలవాడు అన్ని నీళ్ళు కలిపితే గేటు దగ్గరే నిలబెట్టి కడిగేస్తాం. అదే గాలి పలుచన చేసి ఇస్తే కళ్ళు మూసుకుని, ముక్కు నిండా పీల్చి, ఆహా అంటాం.

సౌనా, అంటే చెమటలు పట్టించే వేడిగది, దాని గురించి చెప్పకుండా దాటేద్దామనుకున్నా గానీ మనస్సాక్షి ఒప్పుకోట్లేదు. తలుపు మీద ఒక నిక్కరు బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. నిక్కరు తడిపి వేసుకోకూడదని అర్థం చేసుకుని పొడి నిక్కరుతో లోపలికి వెళ్ళాను. జర్మన్ మాట్లాడే వైపు సౌనాలో ఒంటి మీద నూలుపోగు ఉండకూడదని అప్పుడు తెలిసింది. ఎనిమిది మంది ఉన్నారు, ఆడా మగా, అందరూ పెద్దవాళ్ళే, దిసమొలతో బ్యాంకు మీటింగ్‌లో కూర్చున్నంత గంభీరంగా ఉన్నారు. ఆ గదిలో సిగ్గులేనివాడిలా కనబడింది నేనొక్కడినే, నిక్కరు వల్ల. ఇంతలో ఒకాయన వచ్చి కాలుతున్న రాళ్ళ మీద ఏదో సెంటు నీళ్ళు పోసి, తువ్వాలు గిరగిరా తిప్పి ఆ ఆవిరిని ఒక్కొక్కరి మొహానికీ కొట్టాడు, అయిపోగానే అందరూ చప్పట్లు కొట్టారు. మే నెలలో బెజవాడ బస్టాండులో ఇదే వడగాలి మొహానికి కొట్టించుకున్నాను, ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదే అని సిగ్గుపడ్డాను. మా ఆవిడ ఇవేవీ వద్దని సైలెన్స్ రూంలో కూర్చుని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి జంతిక తీసి కొరికింది. ఆ చప్పుడుకి నలుగురు కళ్ళు తెరిచారు. రెండోది ఆవిడ నోట్లో పెట్టుకుని నానబెట్టి తినాల్సొచ్చింది.

ఇక్కడ మన తాతలు ఇవన్నీ ఎప్పుడో చేసేశారు అనే వాట్సాప్ లైను వస్తుందని చూస్తున్నారేమో, రాదు. మా తాతయ్య మధ్యాహ్నం పూట అరుగు మీద పడుకునేవాడంటే అది వెల్‌నెస్ కాదు, లేస్తే పొలం పంపిస్తారని. కానీ ఇటలీ పైభాగంలో సౌత్ టైరోల్ అని ఉంది, అక్కడ కొండగడ్డి కోసే కూలీలు రాత్రి ఆ గడ్డిలోనే పడుకుని తెల్లారి హుషారుగా లేచేవాళ్ళని చెప్పి, ఇప్పుడు డబ్బున్నవాళ్ళని తడి గడ్డిలో పీకదాకా కప్పెట్టి వేడెక్కించి ఫీజు తీసుకుంటున్నారు. గడ్డి స్నానం అంటారు. కూలీలు గడ్డిలో పడుకున్నది వేరే మంచం లేక అయ్యుండొచ్చు అని మాత్రం బ్రోషర్లో వెయ్యరు.

అందుకే మన ప్రభుత్వాలకి ఒక విన్నపం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది, మిషనరీలు టీబీ శానటోరియం పెట్టి వందేళ్ళు దాటింది, పేరులోనే బ్రాండింగ్ అయిపోయింది, పైసా ఖర్చు లేదు. అదే మదనపల్లెలో టమాటా రేటు పడిపోయిన ఏడాది రైతులు ట్రేలకి ట్రేలు రోడ్డు మీద పారబోస్తారు. గడ్డి స్నానం అమ్ముడుపోయే లోకంలో టమాటా స్నానం ఎందుకు అమ్ముడుపోదు? దావోస్‌లో ఎలాగూ ఎంఓయూలు చేసుకుంటున్నారు కదా, ఇదొక్కటి చేర్చండి. రైతుని కూడా అందులో పడుకోబెడితే ఫొటో బావుంటుంది.

రెండో రోజు చెకవుట్ దగ్గర, వోచర్‌లో లేని ఐటమ్ ఒకటి అని చెప్పి ఆ అమ్మాయి చిన్న చీటీ ఇచ్చింది. కుర్‌టాక్స్, మనిషికి రాత్రికి కొన్ని ఫ్రాంకులు. బావమరిదికి ఫోన్ చేస్తే "కుర్ అంటే వైద్యం బావా, టూరిస్టు పన్నుకి పాత పేరు" అన్నాడు. వైద్యం పన్ను. ఏ జబ్బుకి అని అడగబోయేంతలో, ఆ సౌనా వేడిలోంచి తిన్నగా వెళ్ళి చల్లనీళ్ళ తొట్లో దూకిన ఫలితమో ఏమో, గట్టిగా తుమ్మొచ్చింది. ఆ అమ్మాయి తలెత్తి నవ్వి "గెజుంధైట్" అంది. మనం చిరంజీవ అన్నట్టు వాళ్ళు ఆ మాట అంటారట, ఆరోగ్యం అని అర్థమట. నేను చీటీ తిప్పి రెండువైపులా చూశాను. దానికి విడిగా ఏమీ వెయ్యలేదు.