ట్యాంకును మైలేజీతో గుణించి మనుషుల్ని అడవిలోకి పంపకండి

ఈ మధ్యాహ్నం మా బావమరిదితో కలిసి ఒక షోరూముకు వెళ్లి వచ్చాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు. అతను ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొనాలనుకుంటున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా మారేడుమిల్లి, గుడిస, పాడేరు వైపు పోవాలన్నది అతని చిరకాల కోరిక. అక్కడి సేల్స్ కుర్రాడు ఫోనులో కాలిక్యులేటర్ తెరిచి, ట్యాంకు పట్టే లీటర్లను బండి అధికారిక పరీక్ష ధ్రువపత్రంలో రాసిన మైలేజీతో గుణించి, "సార్, రాజమండ్రిలో ఫుల్ కొట్టించారంటే కొండలన్నీ తిరిగి మళ్లీ రాజమండ్రి చేరేదాకా బంకు మొహం చూడక్కర్లేదు" అన్నాడు. మా వాడు తృప్తిగా తలూపాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు, అతనికి నేర్పిన మాటే అతను చెప్పాడు. ఆ మాట నేర్పినవాళ్ల మీదే నా కోపమంతా. ధ్రువపత్రంలోని మైలేజీ ఎక్కడ పుడుతుందో వాళ్లకు తెలియనిది కాదు. బండిని ప్రయోగశాలలో రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపేసి, ముందుగా రాసిపెట్టిన వేగాల ప్రకారం సుమారు 20 నిమిషాలు నడుపుతారు. ఆ పరీక్షలో వేగం ఎప్పుడూ గంటకు 90 కిలోమీటర్లు దాటదు. అక్కడ ఎత్తుదారి లేదు, బురద లేదు, పైన సామాను మోసే క్యారియరు లేదు, నాలుగు చక్రాలకూ తక్కువ వేగంలో ఎక్కువ బలమిచ్చే "ఫోర్ లో" (4L) గేరు పడే సందర్భమే రాదు. ఒక చిన్న కారును మరో చిన్న కారుతో పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుందేమో గాని, కొండెక్కే బండి ఎంత దూరం పోగలదో చెప్పడానికి అది ఏ మాత్రమూ సరిపోదు.

"ఫోర్ లో" సంగతి తెలిసినవారు కిలోమీటర్ల లెక్కే వేయరు, గంటల లెక్క వేస్తారు. ఆ గేరులోకి మార్చగానే అదే వేగానికి ఇంజను రెండింతలో, కొన్ని బండ్లలో అంతకంటే ఎక్కువో తిరగాలి. చక్రం ఒక రాయి దాటడానికి ఇంజను అరుస్తూనే ఉంటుంది, బండి మాత్రం మనిషి నడకకంటే మెల్లగా కదులుతుంది. ముందున్న జీపు బురదలో దిగబడితే దాన్ని లాగేదాకా మన ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఏసీ వేసి నిలబడితే గంటకు దాదాపు ఒక లీటరు అలాగే పోతుంది. గంటకు నాలుగు లీటర్లు తాగుతూ ఆ గంటలో పన్నెండు కిలోమీటర్లు మాత్రమే సాగే బండి లీటరుకు మూడు కిలోమీటర్లు ఇచ్చినట్టు. ఇందులో బండి లోపం లేదు, డ్రైవరు లోపమూ లేదు, ఆ దారి స్వభావమే అంత. ఏజెన్సీ ప్రాంతంలో గుడిస కొండ మీదికి పర్యాటకులను ఎక్కించే జీపు డ్రైవర్లను "లీటరుకు ఎంతిస్తుంది" అని అడిగి చూడండి, వాళ్లు ట్రిప్పుకు ఎంత డీజిలు పడుతుందో చెబుతారు. ఆ జ్ఞానం ఇంత పెద్ద కంపెనీల ప్రచార విభాగాలకు ఎందుకు లేదు?

ఇంతకంటే నన్ను బాధపెట్టేది డ్యాష్‌బోర్డు మీద "ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోవచ్చు" అని చూపించే ఆ అంకె. అది ఇప్పటిదాకా నడిచిన తీరును బట్టి లెక్కగట్టిన అంచనా మాత్రమే. హైవే మీద హాయిగా వచ్చిన బండి రంపచోడవరంలో నిబ్బరంగా పెద్ద అంకె చూపిస్తుంది, మట్టిదారి ఎక్కాక అది కళ్లముందే కరిగిపోతుంది. పైగా బండి బాగా వాలినప్పుడు ట్యాంకులోని ఇంధనమంతా ఒక మూలకు చేరుతుంది, పంపు పీల్చుకునే చోట ఏమీ మిగలకపోవచ్చు. మీటరు ప్రకారం ఇంకా లీటర్లున్నా నిటారు ఎత్తుదారి మీద ఇంజను ఊపిరాడక ఆగిపోతుంది. చీకటి పడే వేళ, ఫోను సిగ్నలు లేని చోట, పిల్లలు వెనక సీట్లో కూర్చుని ఉండగా అలా ఆగిపోతే ఏం చేయాలో ఆ కాలిక్యులేటరు చెప్పదు.

పెద్ద టైర్లు వేయించుకున్నవారు మైలేజీ పడిపోయిందని వాపోతుంటారు. అందులో కొంత నిజమైన నష్టమే, కొంత మాత్రం టైరు చుట్టుకొలత పెరిగినందువల్ల మీటరు దూరాన్ని తక్కువగా చూపించడం. ఇక పెట్రోలులో కలిపే ఇథనాల్ మాటకొస్తే, లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపిన పెట్రోలుతో మైలేజీ కొన్ని బండ్లలో 1-2 శాతం, మిగతావాటిలో 3-6 శాతం తగ్గవచ్చని 2025లో పెట్రోలియం మంత్రిత్వ శాఖే చెప్పింది. నగరంలో తిరిగేవారికి అది పర్సుకు తగిలే దెబ్బ, అడవిలోకి పోయేవారికి అది తిరిగి వచ్చే దారిలో తగ్గిపోయే దూరం.

ఇవన్నీ ఒక ఎత్తు, ట్యాంకుల విషయంలో నాకు ఏళ్లుగా ఉన్న కడుపుమంట ఒక ఎత్తు. మారుతీ కంపెనీ జీపు జిప్సీ 1985లో మన దేశానికి వచ్చింది. సైన్యం నడిపింది, పోలీసులు నడిపారు, కొండదారుల్లో దాన్ని మించిన తేలికైన బండి లేదని అందరం మెచ్చుకున్నాం. చివరిదాకా దాని ట్యాంకు 40 లీటర్లే. 2023లో అదే కంపెనీ జిమ్నీ వచ్చింది, దాని ట్యాంకూ 40 లీటర్లే, పైగా పెట్రోలు ఇంజను తప్ప వేరే దారి లేదు. ఇన్ని దశాబ్దాల్లో పది లీటర్లు పెంచాలని ఎవరికీ తోచలేదంటే ఆ బండి ఎక్కడ తిరుగుతుందో ఆలోచించలేదనే కదా! మహీంద్రా థార్‌కు 57 లీటర్లు, ఫోర్స్ గూర్ఖాకు 60 పైచిలుకు ఇచ్చారు, అది కొంత నయం. ఆస్ట్రేలియాలో ఎడారి దారుల్లో తిరిగే టయోటా ల్యాండ్ క్రూయిజర్ 79కి 130 లీటర్ల ట్యాంకు ఉంది, ఎందుకంటే అక్కడ బంకుకు బంకుకు మధ్య దూరం ఎంతో ఆ బండి చేసినవారికి తెలుసు. మనకూ అలాంటి దారులు లేవా? హిమాలయాల్లోని మనాలి-లేహ్ దారిలో తండి బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో" అనే బోర్డును మన తెలుగు కుర్రాళ్లు ఎందరు ఏళ్ల తరబడి ఫోటోలు తీసుకుని పంచుకున్నారో చూశాం. ఆ బోర్డు బండ్ల కంపెనీల కంటికి ఆనలేదు.

ట్యాంకు చిన్నది కాబట్టి క్యానులో తీసుకెళ్దామంటే బంకులో పోయరు. నేరాలకు వాడతారన్న భయంతో విడిగా పెట్రోలు పోయవద్దని పోలీసులు చెప్పడం వెనకున్న కారణం నాకు అర్థమవుతుంది, ప్లాస్టిక్ సీసాల్లో పోయకూడదనడం న్యాయమే. కానీ 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల దాకా పెట్రోలు ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, గట్టి మూత ఉన్న లోహపు పాత్ర 25 లీటర్ల దాకా ఉండవచ్చు. చట్టం ఒప్పుకున్న ఇనుప క్యానును బండికి బిగించి తెచ్చినవాణ్ణి, ఆర్‌సీ చూపించినా, దొంగను చూసినట్టు చూడటం ఏం పద్ధతి? చమురు సంస్థలు ఆ నిబంధనను ప్రతి బంకులో తెలుగులో రాసి అతికించాలి. బండ్ల కంపెనీలు "ఫోర్ లో" గేరులో గంటకు ఎన్ని లీటర్లు పడుతుందో, వాలులో ట్యాంకులోంచి ఎన్ని లీటర్లు నమ్మకంగా అందుతాయో బ్రోచరులో మైలేజీ పక్కనే అచ్చువేయాలి, 20 లీటర్ల క్యాను బిగించే స్టాండును వెనక తలుపు మీద కంపెనీ అమరికగానే ఇవ్వాలి. అంతవరకు మా బావమరిది ఆ బుకింగు కాగితం మీద సంతకం పెట్టడు, పెట్టనివ్వను.